మూలంలో లేని మాట

ఆస్పత్రి బిల్లుల కౌంటర్లో ఇరవై తొమ్మిదేళ్ళు కూర్చున్న మనిషి ఆమె. జనం ఎలా కడతారో, ఎక్కడికొచ్చేసరికి చేతులెత్తేస్తారో ఆమెకు తెలిసినంతగా ఏ కమిటీకీ తెలియదు. తెలుసుకుని ఊరుకుంటే ఏ గొడవా ఉండకపోను. ఊరుకోకుండా రాసిపెట్టుకుంది.

తోటివాళ్ళు ఆమెను నోటుబుక్కమ్మ అనేవారు. గాజు కిటికీకి ఇవతల, రబ్బరు స్టాంపుల పక్కన, పొడుగాటి రూళ్ళ పుస్తకం ఎప్పుడూ తెరిచే ఉండేది. బెడ్డు నంబరు, చేరిన రోజు, చీటీ ఇచ్చిన రోజు, వెళ్ళిపోయిన రోజు, వెళ్తూ అన్న మాట. ఆఖరి గడి ఆమె సొంత తెలివి. ఆ ఆస్పత్రిలో చేరేటప్పుడు ఒక డిపాజిట్, మూడో రోజున రెండోది కట్టాలి. ఆ రెండో డిపాజిట్ చీటీ చేతికందిన మర్నాటికల్లా బెడ్లు ఖాళీ. "ఒంట్లో బాగానే ఉందమ్మా" అని సంతకం పెట్టి వెళ్ళిపోయేవాళ్ళు. బాగుండటమేమిటి, నా మొహం. నిలబడి సంతకం పెట్టలేక కౌంటరు అంచు పట్టుకునేవాళ్ళు.

మొదటి పుస్తకంలో మొదటి పేజీ పదిహేడో బెడ్డుది. ఆ బెడ్డు మీద మనిషి ఆమె తమ్ముడు. రెండో చీటీ ప్రింటు తీసింది ఆమే, కిటికీలోంచి అందించిందీ ఆమే. అక్క దగ్గరా ఏమీ లేదని వాడికి తెలుసు, అందుకే అడగలేదు. చీటీని నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకుని, "మళ్ళీ వస్తానక్కా" అని వెళ్ళాడు. రాలేదు. పన్నెండో రోజున కబురొచ్చింది. మళ్ళీ డ్యూటీలో చేరిన రోజున ఆమె దారిలో ఒక పుస్తకం కొని, ముందుగా ఆ మాట రాసుకుంది.

తొమ్మిదేళ్ళ కిందట ఒక ప్రొఫెసరు, ఆస్పత్రి ఖర్చుల మీద పరిశోధనంటూ వచ్చాడు. మూడు వారాలు వార్డుల్లో కాళ్ళరిగేలా తిరిగినా ఏమీ తేలలేదు. చివరికి ఆమె పుస్తకాలు కంటబడ్డాయి. "బంగారమమ్మా ఇది. ఓ నాలుగు పట్టుకెళ్ళి వారంలో ఇచ్చేస్తా" అన్నాడు. మూడు ఇచ్చాడు. మొదటిది రాలేదు. అడిగితే, "ఇల్లు మారాం కదమ్మా, ఎక్కడో కలిసిపోయింది, వెతికిస్తా" అన్నాడు. ఆ వెతుకులాట ఇప్పటికీ సాగుతోందనుకోవాలి.

రిటైర్మెంటు ఐదు నెలలుందనగా ఆమెకు పంతం పుట్టింది. ఆరోగ్య ఖర్చుల మీద పెద్దవాళ్ళు రాసే పరిశోధన పత్రిక ఒకటుంది, అందులో తానూ ఒక వ్యాసం రాయాలని. దాన్ని చదివే ఆస్పత్రుల పైవాళ్ళు ఈ రెండో చీటీ పద్ధతి గురించి ఆలోచిస్తారు. అది పైకి చెప్పుకున్న కారణం. తమ్ముడి ఆఖరి మాట తన పేరు కింద అచ్చులో ఉండాలన్నది అసలు కోరిక.

మొగుడు బస్సు డిపోలో మెకానిక్కుగా చేసి మానేసినవాడు. నోటికి తాళం ఉండదు.

"నువ్వు పత్రికలో పడితే ఇక నాకు టీ ఎవరు పెడతారే?" అన్నాడు.

"ఇప్పుడెవరు పెడుతున్నారట?" అంది ఆమె, ఆయన పెట్టిన టీ తాగుతూ.

ఆ పత్రికకు ఒక నియమం ఉంది. చదివి తీర్పు చెప్పేవాళ్ళకు రాసిందెవరో తెలియకూడదు. వ్యాసంలో పేరుండకూడదు, "నేను" అన్న మాటే రాకూడదు. ఆమె తనను తాను "కౌంటరు ఉద్యోగిని" అని రాసుకుంది. మొదటి పుస్తకం లేకపోయినా అందులోని ప్రతి వాక్యం ఆమెకు కంఠతా వచ్చు. పొల్లు పోకుండా రాసి పంపింది.

తొమ్మిదో రోజున జవాబొచ్చింది. మీ వ్యాసంలో నలభై ఒక్క శాతం ఇదివరకే అచ్చయినదానితో కలుస్తోందని. కలిసిన చోటల్లా కంప్యూటరు పసుపు రంగు పూసింది. మూలం ఎవరిదా అని చూస్తే ప్రొఫెసరుది. ఎనిమిదేళ్ళ కిందటి సంచిక. ఆమె గడులు, ఆమె లెక్కలు, ఆమె వాక్యాలు, పదిహేడో బెడ్డుతో సహా. చివర్లో, సహకరించిన ఆస్పత్రి సిబ్బందికి కృతజ్ఞతలు. సిబ్బందట. ఒళ్ళు మండిపోదూ మరి.

ఫోను చేసింది.

"నా రాతలు మీరు అచ్చేసుకున్నారు సార్."

"నువ్విచ్చింది సమాచారమమ్మా. వ్యాసం నాదే కదా. అయినా నీకొచ్చిన నష్టమేముంది? నా పేరు ఉదహరించు, నీదానికి బరువొస్తుంది."

"మొదటి పుస్తకం?"

"ఇంకా దొరకలేదమ్మా."

ఎడిటరుకు జరిగిందంతా ఏకరువు పెట్టింది. ఆధారం పంపమన్నాడు. ఆధారం, అంటే ఆ వాక్యాలున్న మొదటి పుస్తకం, ప్రొఫెసరు ఇంట్లో ఉంది. లేదంటే, కలిసిన వాక్యాలను కొటేషన్లలో పెట్టి మూల రచయిత పేరు వేస్తే పరిశీలిస్తామన్నాడు.

నాలుగు రోజులు కూర్చుని ఆ పనీ చేసింది. తన వాక్యాల పక్కన ఆయన పేరు ఇరవై మూడుసార్లు వేసింది.

"మన ఇంటికి మనమే అద్దె కట్టినట్టుందే" అన్నాడు మొగుడు.

"ఊరుకోండి. తమ్ముడి మాట అచ్చులోకొస్తే చాలు."

నెల తిరిగాక మూడో ఉత్తరం. వ్యాసం బాగుందట, పైవాళ్ళు తప్పక చదవాల్సిందట. ఒక్క సవరణ కావాలి. పదిహేడో బెడ్డు కొటేషన్లో "అక్కా" అన్న మాట మూలంలో లేదు, మూలంలో ఉన్నది "మళ్ళీ వస్తాను" అని మాత్రమే. రచయిత మూలాన్ని మార్చడం తగదు. ఆ మాట తీసేస్తే వచ్చే సంచికలో వేస్తామన్నారు.

ప్రొఫెసరు వ్యాసం మళ్ళీ తెరిచింది. నిజమే, లేదు. మొన్న చదివినప్పుడు కళ్ళే ఆ మాట కలుపుకుని చదివేసి ఉంటాయి. శాస్త్రీయంగా ఉండదని తీసేశాడు కాబోలు పెద్దమనిషి. తమ్ముడికి ఆమె ఆఖరిసారి అక్కయిన ఆ ఒక్క మాటా ఆయనకు అడ్డమొచ్చింది.

"ఒక్క మాటే కదా, తీసెయ్యి. ఇన్నేళ్ళ కష్టం" అన్నాడు మొగుడు. ఈసారి ఆయన గొంతులో వేళాకోళం లేదు.

తీసేసింది. చదువుకుంది. ఎవరో దారినపోయేవాడు అన్నట్టుంది. మళ్ళీ పెట్టింది. చాలాసేపు కూర్చుని, వ్యాసాన్ని వెనక్కి తీసుకునే మీట నొక్కింది. కారణం రాయమని ఒక గడి వచ్చింది. జీవితమంతా ఊళ్ళోవాళ్ళ ఆఖరి మాటలు గడుల్లో నింపిన మనిషి, ఆ గడిలో తన మాట రాసింది. "ఆ అక్కను నేనే."

కారణం నమోదైందనీ, మున్ముందు కూడా వ్యాసాలు పంపమనీ మిషను జవాబిచ్చింది.

మర్నాడు మామూలుగానే డ్యూటీకి వెళ్ళింది. పదింటికల్లా ఏడు రెండో చీటీలు ప్రింటు తీసి, ఒక్కొక్కటే కిటికీలోంచి అందించింది.