బేరంలో వినని మాట

సింగపూర్ జురాంగ్ ఈస్ట్‌లో బస్సెక్కి, అప్పుడే కొన్న బ్యాటరీని కాళ్ళ దగ్గర పెట్టుకుని, ఎంత తగ్గించి కొన్నానో ఫోన్‌లో మా ఆవిడకి గొప్పగా చెప్పాను. కారు వెనక తగిలించుకుని మలేషియా కొండలకి వెళ్ళి, రాత్రిళ్ళు అందులోనే పడుకునే మా పాత కారవాన్ బండి కోసం అది.

పక్క సీటులోని పెద్దాయన సింగపూర్ యాస తెలుగులో అడిగాడు.

"దీంతో ఏం నడుపుతారు బాబూ?"

"మా నాన్నగారికి నిద్రలో ఊపిరి ఆగిపోతుంటుంది అంకుల్. రాత్రంతా పెట్టుకునే మెషినుకి."

ఆయన వంగి లేబుల్ చదివాడు.

"ఇది కారు ఇంజను స్టార్ట్ చేసే బ్యాటరీ. ఒక్కసారి గట్టిగా పవర్ ఇచ్చి ఊరుకుంటుంది. రాత్రంతా నిదానంగా ఇచ్చేది కారవాన్లకి వేరే ఉంటుంది. దాన్నైనా సగానికి మించి వాడకండి, తిరిగొచ్చిన రోజే చార్జింగ్ పెట్టండి. షాపతను చెప్పలేదా?"

"చెప్పబోయాడు. ధర పెంచడానికేమోనని నేనే ఆపేశాను."

కొట్టులో గల్లాపెట్టె పక్కన పెరిగినవాణ్ణి. సరుకు గురించి ఎవరు నోరు తెరిచినా నాకు ధరే వినిపిస్తుంది.

ఆయన చెయ్యి చాచి బెల్ నొక్కాడు. "దిగండి. ఇప్పుడే వెనక్కి తీసుకెళ్తే మార్చిస్తారు, కెన్ లా, అయిపోతుంది." బ్యాటరీకి ఒక వైపు తనే పట్టుకుని తలుపు దాకా మోశాడు.

షాపులో ఈసారి అతను చెప్పేది చివరిదాకా విన్నాను. ఆ తర్వాత మార్చి ఇచ్చిన బ్యాటరీకి బేరం ఆడకుండా ఉండలేదు, అది వేరే సంగతి. కొండల్లో ఉన్న మూడు రాత్రులూ నాన్న మెషిను ఒక్కసారి కూడా ఆగలేదు. నేనే మధ్యమధ్యలో లేచి, దాని చప్పుడు విని పడుకున్నాను.