అత్త వద్దన్న అన్నం

మొన్న సూర్యాపేటలో ఒక పెళ్లికి వెళ్లాను. భోజనాల్లో నా పక్కన కూర్చున్నావిడ విస్తరి మీద చెయ్యి అడ్డం పెట్టి, "అన్నం వద్దు నాయనా, షుగరు" అంది. ఈ రోజుల్లో బంతిలో సగంమంది మాట అదే. కానీ ఏ జబ్బూ లేకుండా, మిర్యాలగూడలో రైసు మిల్లున్న పుట్టింట్లో కూర్చుని అన్నానికి చెయ్యి అడ్డం పెట్టిన మనిషి నాకు తెలిసి ఒక్కతే. మా మేనత్త.

ఆమె నాన్నకు అక్క. కోదాడలో సైన్సు టీచరుగా చేసింది. మామయ్య చాలా ముందే పోయారు, పిల్లలు లేరు. రిటైరైన ఏడాదే, సునామీ కొట్టుకుపోయిన తీరంలో మడచెట్లు నాటడానికి శ్రీలంక పోతానంది. తిండీ నీడా ఇస్తారట, జీతం ఉండదట. నాన్న ఆ మాట విని చేతిలో టీ గ్లాసు కింద పెట్టేశాడు. "సముద్రం దాటిపోయి చెట్లు నాటుడేందక్కా? మన సాగర్ దిక్కు గుట్టలన్నీ బోడిగనే ఉన్నయి గదా!" అన్నాడు. "గుట్టలు యాడికి పోవురా, వచ్చినంక సూస్త" అని అత్త మామిడికాయ తొక్కు డబ్బాకు గుడ్డ చుట్టుకుంది. నవ్వొచ్చే సంగతేమిటంటే, నడిగూడెంలో మా పొలాల్లో నాట్లు పడుతుంటే గట్టు మీద గొడుగేసుకుని కూర్చోవడమే తప్ప మా ఇంటి ఆడవాళ్లు మడిలో కాలుపెట్టి ఎరుగరు. అట్లాంటిది అరవైకి దగ్గరపడ్డాక అత్త మొదటిసారి నాటు వేసింది, అదీ పరాయి దేశపు ఉప్పు బురదలో.

అక్కడ ఆమెకు బస ఒక జాలరి ఇంట్లో. ఆ ఇల్లాలికీ ఈమెకూ కలిసే భాష లేదు. ఆవిడ వండేది చేపలు, ఈమె తినేది తొక్కు. అయినా ఇద్దరూ పొద్దున్నే మోకాలిలోతు నీళ్లలో దిగి, వంగి మొక్కలు నాటి, మధ్యాహ్నం ఒకరి నడుముకు ఒకరు నూనె రాసుకునేవారట. ఫోను చేసినప్పుడల్లా, "నడుం ఖతమైంది గానీ నిద్ర మాత్రం మస్తు పడుతుంది అల్లుడా" అని నవ్వేది.

తర్వాత ఒకసారి ఫోనులో నవ్వు లేదు. వాగు వచ్చి కలిసే మూలన నాటిన మొక్కలన్నీ నల్లబడి చచ్చిపోయాయట. పైన ఎక్కడో వడ్లు ఉడకబెట్టే మిల్లు ఉందని, దాని నీళ్లు అటే వస్తాయని చెప్పారట. అందరూ ఆ మిల్లువాణ్ని తిడుతుంటే తనూ గొంతు కలిపిందట. ఆ నీళ్లు దోసిట్లోకి తీసుకుని వాసన చూసేదాకానే. పులిసిన ఆ కంపు ఆమెకు పరాయిది కాదు. మా మిల్లు వెనక వాగు మీద గాలి వీస్తే వచ్చే కంపే.

తిరిగొచ్చాక కోదాడ పోకుండా నేరుగా మిర్యాలగూడ వచ్చింది. చెప్పులైనా విడవకుండా మిల్లు వెనక్కి నడిచింది. వడ్లు ఉడకబెట్టిన నీళ్లు వదిలే మా గొట్టం కింద వాగు తేనెరంగులో నురగలు కక్కుతోంది. గొర్లకాపరులు మందను ఆ నీటికి దూరంగా తోలుకుపోతున్నారు. నాన్న వెనకే వచ్చి, "అందరి మిల్లులు గట్లనే ఇడుస్తున్నయక్కా. మనమొక్కలం ఆపితే వాగు బాగుపడతదా?" అన్నాడు. "అందరి సంగతి నాకు తెల్వదు. ఇది మాత్రం మనది" అంది అత్త. ఆ రోజు నుంచి పుట్టింట్లో అన్నం ముట్టలేదు. వచ్చేది, అన్ని పనుల్లో చెయ్యి వేసేది, భోజనం వేళకు సంచిలోంచి జొన్నరొట్టె తీసుకునేది. ఎవరికీ నీతులు చెప్పలేదు. అదే నాన్నకు ఎక్కువ మంట.

మా పాప అన్నప్రాశన నాడు ఇల్లంతా చుట్టాలు. అందరి ముందూ అత్త రొట్టె విప్పింది. ఆడపడుచు పుట్టింటి మెతుకు ముట్టడం లేదని అప్పటికే గుసగుసలు. నాన్న మొహం ఎర్రబడింది. "పసిపిల్ల మొదటి ముద్ద తినే రోజు గూడ తినవా అక్కా?" అన్నాడు. అత్త రొట్టె ముక్క చేతిలోనే పెట్టుకుని, "దాని కోసమే తింటలేనురా" అంది. పాప పరమాన్నం మూతంతా పూసుకుని నవ్వుతోంది.

వారం తిరక్కుండానే, కొత్త గోదాముకని ఉంచిన జాగాలో నాన్న ప్రొక్లెయినర్ దింపాడు. కోపంతోనే పెద్ద గుంట తవ్వించాడు. మిల్లు నీళ్లు వాగులో పడకుండా ఆ గుంటలోకి మళ్లించాం. మొదటి ఎండాకాలమే గుంట కుళ్లి, కంపు బజారుదాకా పోయింది. "సూసినవా, వాగుల పోయేది ఇంట్లకొచ్చింది!" అన్నాడు నాన్న. "వచ్చింది గదా, ఇప్పుడన్నా మనకు కనబడతది" అని అత్త పెట్టె సర్దుకుని మా ఇంటికే వచ్చేసింది. తెలిసిన ఇంజనీరును పట్టుకొచ్చి, ఒక గుంటను మూడు చేయించి, గాలి కొట్టే మోటార్లు పెట్టించి, చివరి దాంట్లో తుంగ నాటించింది. తనే దిగి నాటింది, చీర కుచ్చిళ్లు ఎగదోపుకుని. ఇంకో వానాకాలం గడిచాకగానీ నీళ్లు తేటపడలేదు. వాటితో గట్టున గడ్డి పెంచితే కాపరులు వచ్చి కోసుకుపోయారు. వాళ్ల గొర్లు ఆ గడ్డి తిన్న రోజు నాన్న వంటింట్లోకి పోయి, అక్కకు తనే అన్నం వడ్డించుకొచ్చాడు. ఆమె ఒక ముద్ద కలిపి నోట్లో పెట్టుకుని, "పప్పులో ఉప్పు తక్కువైంది" అంది. నాన్న పెద్దగా నవ్వాడు. కళ్లు మాత్రం పైపంచెతో తుడుచుకున్నాడు.

మమ్మల్ని చూసి చుట్టుపక్కల మిల్లులవాళ్లు ఒకరిద్దరు గుంటలు తవ్వించారు. చాలామంది తవ్వించలేదు. ఇప్పుడు నాన్నా లేడు, అత్తా లేదు, మిల్లు నా చేతిలో ఉంది. వాగు ఇంకా బాగుపడలేదు. దాన్ని చెడగొట్టడానికి మా నాన్న తరం ఒక్కటే సరిపోయింది, బాగుచెయ్యడానికి నా తరం సరిపోయేట్టు లేదు. అయినా రోజూ పొద్దున్నే గుంటల దగ్గరికి పోయి నా వంతు పని నేను మొదలుపెడుతూనే ఉన్నాను.