కోచ్ ఇంటి ముందు బోర్డులు

కిందటి శనివారం నా కూతురు కారు వెనకసీట్లో ఉప్పేసి వేయించిన పొద్దుతిరుగుడు గింజల పొట్లం విప్పింది. ఫ్రిస్కోలో మా ఇంటి నుంచి దాని సాకర్ క్లాసుకి వెళ్ళే దారిలో, సిగ్నల్ దగ్గర ఆగి ఉండగా ఆ వాసన ముక్కుకి తగిలింది. అంతే, నేను కార్లో లేను. టెక్సస్ పడమటి కొసన, పత్తిచేల మధ్య ఉన్న ఒక చిన్న ఊళ్ళో, చల్లటి అల్యూమినియం బెంచీ మీద కాళ్ళు ముడుచుకుని, నానమ్మ శాలువాలో సగం దూరి కూర్చున్నాను. వెనక కారువాడు హారన్ కొట్టేదాకా గ్రీన్ పడిన సంగతే చూసుకోలేదు. "అమ్మా, గో!" అని కూతురు విసుక్కుంది.

ఆ గింజలు నమిలే మనిషి పేరు కోచ్ టాల్బట్, మా హైస్కూల్లో హెల్మెట్లు పెట్టుకుని ఆడే అమెరికా ఫుట్‌బాల్ నేర్పేవాడు. ఆయన నడిచొచ్చిన దారి పొడుగునా గింజల పొట్టు రాలుతూ ఉండేది. మా ఊళ్ళో మేయరు ఎవరో సగంమందికి తెలియదు గాని, కోచ్ పికప్ ట్రక్కు ఏ వీధిలో ఆగి ఉందో చిన్నపిల్లలు కూడా చెప్పేవారు. ఊళ్ళోకి రాగానే కనిపించే నీళ్ళ ట్యాంకు మీద ఆయన జట్టు గెలిచిన సంవత్సరాలు పెద్దపెద్ద అంకెల్లో రాసి ఉండేవి. నేను అంకెల్ని తెలుగులో చదవడం నేర్చుకున్నది ఆ ట్యాంకు మీదే. మా నానమ్మ ఒక్కొక్కటే చూపించి చదివించేది, అవి దేనికి రాశారో ఆవిడకీ తెలియదు, నాకూ తెలియదు.

మేము అక్కడికి ఎలా చేరామంటే, నాన్న డాక్టర్. ఇక్కడి డాక్టర్లు పోవడానికి ఇష్టపడని ఊళ్ళలో కొన్నేళ్ళు పనిచేస్తే బయటిదేశం డాక్టర్లకి గ్రీన్‌కార్డు దారి సులువవుతుందని ఒక పద్ధతి ఉంది. అలా గుంటూరు మనిషి అంత దూరం వచ్చి మళ్ళీ పత్తి మధ్యలోనే పడ్డాడు. మొదటిరోజు కారు దిగి అమ్మ నాలుగువైపులా చూసి, "ఈ పత్తి చూడ్డానికేనా విమానం ఎక్కింది?" అందట. వేసవిలో ఆకాశం కాగిన పెనంలా ఉండేది. అక్టోబరు దాటేసరికి చేలన్నీ తెల్లబడి, కోత యంత్రాలు తిరిగి, లారీల నుంచి ఎగిరిన దూది రోడ్డు పక్క గడ్డికీ, కంచెలకీ, మా స్కూలు బస్సు అద్దాలకీ అంటుకుని, మంచు పడకుండానే మంచు పడినట్టు ఉండేది. జిన్నింగు మిల్లు రాత్రింబగళ్ళు మోగుతూ ఉండేది. ఆ మోత ఆగిన రోజు మాకు నిద్ర పట్టేది కాదు.

ఆ చలికాలం మొదలయ్యే రోజుల్లోనే శుక్రవారాలు వచ్చేవి. అంటే శుక్రవారం ప్రతివారమూ వస్తుంది, కానీ మా ఊళ్ళో ఫుట్‌బాల్ ఉన్న శుక్రవారాన్నే శుక్రవారం అనేవాళ్ళు. సాయంత్రానికి కొట్లు మూసేసి, అందరూ దుప్పట్లు చంకన పెట్టుకుని స్టేడియానికి నడిచేవారు. మైదానంలో కొత్తగా గీసిన సున్నం గీతల వాసన, పాప్‌కార్న్ వాసన, మొక్కజొన్న చిప్స్ పొట్లంలోనే వేడివేడి మాంసం కూర పోసి ఇచ్చే చిరుతిండి వాసన, బ్యాండు పిల్లల ఉన్ని బట్టల వాసన, అన్నీ కలిసి ముక్కుపుటాలు అదిరేవి. పాత విద్యార్థులంతా తిరిగొచ్చే హోమ్‌కమింగ్ ఆట నాడైతే ఆడపిల్లలు గుండెల మీద పళ్ళెమంత చేమంతిపువ్వులు, వాటి నుంచి మోకాళ్ళదాకా వేలాడే రిబ్బన్లు, చిరుగంటలు పెట్టుకుని ఘల్లుఘల్లుమంటూ నడిచేవారు. మాతో ఆరునెలలు ఉండడానికి వచ్చిన నానమ్మ వాళ్ళని చూసి మురిసిపోయి, దగ్గరికి పిలిచి పువ్వు ముట్టుకుని, అది కాగితంది అని తెలిసి, "ఇంత ఆర్భాటం చేసి కాగితం పువ్వేంటే!" అని చాలాసేపు బాధపడింది. ఆటలో తప్పు జరిగినప్పుడు రిఫరీ పసుపు గుడ్డ విసురుతాడు. ఆవిడ మొదటిరోజు అది చూసి లేచి నిలబడి, "ఎవరో పసుపు గుడ్డ పారేసుకున్నారు, చెప్పండర్రా" అని తెలుగులో కేకేసింది. మా ముందు వరసలోవాళ్ళు మా జట్టుని హుషారు చేస్తోంది కాబోలనుకుని చప్పట్లు కొట్టారు.

మేము అంత పద్ధతిగా ఆటకి వెళ్ళడానికి కారణం నాన్నే. దెబ్బలు తగిలితే చూడడానికి మైదానం అంచున ఒక డాక్టర్ నిలబడాలి. ఆ పని జీతం లేనిది, మర్యాద ఉన్నది. ఊళ్ళో కుర్ర డాక్టర్ నాన్నే కనక కోచ్ క్లినిక్‌కి వచ్చి, టోపీ తీసి, వెయిటింగ్ రూమ్‌లో అందరితో పాటు కూర్చుని, తన వంతు వచ్చాక లోపలికి వెళ్ళి అడిగాడు. నాన్నకి ఆ ఆట గురించి ఒక్క ముక్క తెలియదు. "ఆట నేను చూసుకుంటాను డాక్, పిల్లల్ని నువ్వు చూసుకో" అన్నాడట ఆయన. అదే వాళ్ళ ఒప్పందం. ఆ తర్వాత గురువారం సాయంత్రాలు మా వరండాలో కూర్చుని కాఫీ తాగడం అలవాటైంది. దీపావళికి అమ్మ చేసిన జంతికలు ఆయనకి పిచ్చిగా నచ్చాయి. డబ్బా ఒళ్ళో పెట్టుకుని కరకరమంటూ నములుతూ, నాన్న చెప్పే కాగితాల గోల వినేవాడు: గ్రీన్‌కార్డు ఆసుపత్రి చేతిలో ఉంది, ఆసుపత్రి బోర్డు ఊరి పెద్దల చేతిలో ఉంది, వాళ్ళకి కోపం వస్తే పెట్టే బేడా సర్దుకోవాలి. ఆయన పెద్దగా మాట్లాడేవాడు కాదు. స్కూల్లో పిల్లలకి కారు నడపడం కూడా ఆయనే నేర్పేవాడు, అక్కడా అంతేనట, పిల్లవాడు గొయ్యిలోకి పోనిచ్చినా అరిచేవాడు కాదు.

ఆ ఏడు జట్టుకి ప్రాణం కోడీ అనే కుర్రాడు. బంతి విసిరేది వాడే. తండ్రి లేడు, తల్లి జోలీన్ మా స్కూలు క్యాంటీన్లో పనిచేసేది, నాకు పీచ్ ముక్కలు ఒక గరిటె ఎక్కువ వేసేది. కోడీకి కాలేజీలో ఆడడానికి సీటు, చదువుకి పూర్తి స్కాలర్‌షిప్పూ దొరుకుతాయని ఊరంతా అనుకునేవారు. నవంబర్లో ఆఖరి ఆట. గెలిస్తే రాష్ట్రస్థాయి పోటీలకి వెళతారు, పైగా కోడీని చూడడానికి ఒక కాలేజీ మనిషి వచ్చి కూర్చున్నాడు. ఆట సగం దాటాక కోడీని ఇద్దరు ఒకేసారి గుద్దారు. వాడు పడ్డాడు, లేచాడు, లేచి అవతలి జట్టు బెంచీ వైపు నడిచాడు. ఊరు నవ్వింది. నాన్న నవ్వలేదు. పరుగెత్తుకెళ్ళి వాణ్ణి కూర్చోబెట్టి, కళ్ళలోకి చూస్తూ ఏదో అడుగుతున్నాడు. కోచ్ వంగి నాన్న మొహంలోకి చూశాడు. తర్వాత కోడీ హెల్మెట్ తీసుకుని తన చంకలో పెట్టుకున్నాడు. హెల్మెట్ లేకుండా ఎవరూ మైదానంలోకి దిగకూడదు, కాబట్టి వాడు ఏడ్చినా బతిమాలినా పని జరగదు. ఆట అయ్యేదాకా ఆయన ఆ హెల్మెట్ కింద పెట్టలేదు. మేము కొద్దిలో ఓడిపోయాం. అంతమంది ఒకేసారి నోరు మూసుకుని మెట్లు దిగడం నేను మళ్ళీ ఎక్కడా చూడలేదు.

ఇంటికొచ్చాక నాన్న బూట్లు కూడా విప్పకుండా డైనింగ్ టేబుల్ దగ్గర కూర్చున్నాడు. "ఆడొచ్చా డాక్ అని అడిగాడు. వద్దన్నాను. మరోమాట అడగలేదు" అన్నాడు. అమ్మ మొహం పాలిపోయింది. "ఆ బ్యాంకు మేనేజరు ఆసుపత్రి బోర్డులో ఉన్నాడు కదండీ. వాళ్ళ జట్టు మీద మనమా చెయ్యి పెట్టింది?" అంది. నానమ్మ మాత్రం, "పిల్లాడు బతికుండాడు గదరా, ఇంకేం గావాలి" అని దేవుడి దగ్గర దీపం పెట్టడానికి లేచింది. అమ్మ గరాజ్‌లో ఉన్న అట్టపెట్టెలు పనికొస్తాయో లేదో చూసింది.

సోమవారం క్లినిక్ నిండా జనం. బ్యాంకు మేనేజరు నాన్న భుజం తట్టి, "మాకు తెలుసులే డాక్, ఇందులో నీ తప్పేం లేదు" అన్నాడట. సాయంత్రం జోలీన్ స్వయంగా చేసిన పీకన్ పై, అదే గింజలు పెట్టి కాల్చిన తీపి వంటకం, పట్టుకుని మా గుమ్మంలో నిలబడి, కొడుకుని అంత శ్రద్ధగా చూసినందుకు అమ్మని కౌగలించుకుంది. నాన్న ఆ పీకన్ పై ముక్క నోట్లో పెట్టుకుని కళ్ళు తుడుచుకోవడం నాకు గుర్తుంది. "ఎంత మంచి ఊరే ఇది! మనూళ్ళో అయితే క్రికెట్ ఓడినందుకే ఇళ్ళ మీద రాళ్ళేసేవాళ్ళు" అన్నాడు. ఆ మాట మా ఇంట్లో ఎన్ని వందలసార్లు విన్నానో చెప్పలేను. ఎవరు అమెరికావాళ్ళని తప్పుబట్టినా నాన్న ఆ పీకన్ పై కథ తీసేవాడు.

ఇది జరిగిన వారానికే కోచ్ ఇంటి ముందు గడ్డిలో "ఇల్లు అమ్మబడును" అని బోర్డు కనిపించింది. మర్నాటికి ఇంకో రెండు, ఆ తర్వాత గడ్డంతా బోర్డులే. మేము అద్దెకుంటున్నాం, నాన్న ఇల్లు వెతుకుతున్నాడు. కోచ్ ఇల్లు తూర్పు ముఖం. వంటగది ఆగ్నేయంలోనే ఉందని నానమ్మ కారులోంచే తేల్చేసింది. ఇన్ని బోర్డులు పెట్టాడంటే తొందరలో ఉన్నాడు, ధర తగ్గిస్తాడు అని అమ్మ లెక్క. ఆదివారం మంచిబట్టలు కట్టుకుని, జంతికల డబ్బా పట్టుకుని, అందరం వెళ్ళి తలుపు కొట్టాం. నాన్న మర్యాదగా ఎంతకిస్తారని అడిగాడు. కోచ్ కాసేపు మా వైపు చూసి, తలుపు పట్టుకుని, కళ్ళనీళ్ళొచ్చేలా నవ్వాడు. "అమ్మడం లేదు డాక్. కుర్రాళ్ళ అల్లరి" అన్నాడు. ఆయన భార్య ఏదో చెప్పబోయింది. ఆయన డబ్బా ఆవిడ చేతికిచ్చి కాఫీ పెట్టమన్నాడు. మేము సిగ్గుపడుతూ కాఫీ తాగి వచ్చేశాం. ఓడిపోయిన కోచ్‌ని ఊరు పొమ్మనడానికి అలా బోర్డులు పాతుతారని మాకు తర్వాత తెలిసింది. ఒక ఆట ఓడినందుకే ఇంత పనా అని నాన్న ఆశ్చర్యపోయాడు. ఎండాకాలంలో స్కూలు ఆయన్ని కోచ్ పనిలోంచి తీసేసింది. పక్క ఊరివాళ్ళు పిలిచి తీసుకున్నారు, ఆ ఊరి ట్యాంకు మీదా సంవత్సరాలు పడ్డాయి. కాగితాలు రాగానే మేము డాలస్ వైపు వచ్చేశాం.

ఈ అక్టోబరులో ఆయన పోయాడని, సంతాపసభ మా పాత ఊరి చర్చిలోనే పెట్టారని తెలిసింది. నాన్నకిప్పుడు మోకాళ్ళ నొప్పులు, మా ఇంట్లోనే ఉంటాడు. అయినా వెళదామన్నాడు. పొద్దున్నే బయల్దేరి డ్రైవ్ చేశాను. ఊరు గుర్తుపట్టలేకపోయాను. మిల్లు మూతపడింది, పిల్లలు తగ్గిపోయి స్కూలు పక్క ఊరి స్కూల్లో కలిసిపోయింది, స్టేడియం దీపాల స్తంభాలు ఎవరో కొనుక్కుపోయారు, ట్యాంకుకి కొత్త రంగు వేసి అంకెలు చెరిపేశారు. చేలలో పత్తికన్నా గాలిమరలు ఎక్కువ. ఆ గాలిమరలెక్కి బాగుచేసేవాళ్ళలో కోడీ ఒకడు. వాడికి కాలేజీ సీటు రాలేదు. ఇప్పుడు జుట్టు నెరిసింది, ఇద్దరు ఆడపిల్లలు.

చర్చి హాల్లో ఒక్కొక్కరూ లేచి ఆయన గెలుపులు చెప్పారు. కోడీ లేచి ఓటమి గురించి చెప్పాడు. "ఆ ఆట నాకు గుర్తే లేదు. డాక్టర్ ఆడొచ్చన్నాడు గాని, నా చూపు నచ్చక తనే ఆపేశానని కోచ్ ఊరందరికీ చెప్పాడు. చాలాకాలం ఆయన మీద కోపం ఉండేది. ఇప్పుడు లేదు" అన్నాడు.

పక్కన నాన్న చెయ్యి నా చెయ్యి పట్టుకుంది. నేను ఆపేలోపే లేచాడు. "ఆడొచ్చని నేను అనలేదు. వద్దన్నది నేనే. ఆయన నా మాట విన్నాడు, అంతే" అన్నాడు. ముందు వరసలోంచి జోలీన్ మెల్లగా లేచి వచ్చింది. బాగా ముసలిదైపోయింది. నాన్న తల దించుకుని నిలబడ్డాడు, తిడుతుందేమోనని. ఆవిడ ఒక్కటే అడిగింది.

"ఆడి ఉంటే వాడికి ప్రమాదమా?"

"అవునమ్మా. చాలా."

ఆవిడ తలూపింది. "నేను ఆయన్ని మళ్ళీ పలకరించలేదు డాక్. కొట్లో ఎదురుపడితే పక్క వరసలోకి పోయేదాన్ని" అంది. తర్వాత గోడపక్క కుర్చీలో ఉన్న కోచ్ భార్య దగ్గరికి వెళ్ళి, ఆవిడ కాళ్ళ దగ్గర కింద కూర్చుండిపోయింది.

తిరుగుదారిలో నా బాల్యం నాకు కొత్తగా కనిపించింది. ఆ పీచ్ ముక్కలు, పుట్టినరోజు పిలుపులు, వీధిలో ప్రతి చెయ్యీ మాకోసం లేవడం, వీటన్నిటికీ ఒక మనిషి తన ఊరు పోగొట్టుకున్నాడు, అదీ మాకు తెలియకుండా. ఏడుపొచ్చి కారు ఒక పెట్రోల్ బంకులో ఆపేశాను.

"ఎంత మంచి ఊరని అందరికీ చెప్పుకున్నానే" అన్నాడు నాన్న.

"మంచి ఊరే నాన్నా. మన మీద చెడ్డదయ్యే అవకాశం దానికి ఆయన ఇవ్వలేదు."