టీవీలో మా గుమ్మం

మాది మునగాల దగ్గర పల్లె. నా పెళ్లయిన కొత్తలో, మా పెరట్లో బాత్రూం గుంత తవ్వుతుంటే పాత రాగిబిందె దొరికింది. లోపల మట్టి తప్ప ఏమీ లేదు. గంట తిరక్కముందే ఓ చానల్లో మా ఊళ్లో లంకెబిందెలంటూ స్క్రోలింగ్! రోజూ మా ఇంట్లో పాలు పోయించుకునే విలేకరే ఆ వార్త పంపాడట.

జనం, కెమెరాలు వాకిట్లోకి తోసుకొచ్చేసరికి నేనూ అత్తమ్మా తలుపేసుకున్నాం. మగవాళ్లు గొర్ల వెంట పోయారు. బయట ఏం జరుగుతోందో తెలియాలంటే టీవీయే దిక్కు. మూసిన మా తలుపే అందులో లైవ్!

అంతలో తెర మూలన మా లేగదూడ కనిపించింది. జనానికి బెదిరి గుంజ చుట్టూ తిరిగిందేమో, పలుపు మెడకు బిగుసుకుని గిలగిలా కొట్టుకుంటోంది. కెమెరా దాని దగ్గరికి జరిగింది గానీ ఒక్క చెయ్యీ ముందుకు రాలేదు.

"అయ్యో, జర ఆ తాడిప్పుండ్రి!" అని అత్తమ్మ టీవీకే మొక్కింది.

"తలుపు తీస్తే మీద పడ్తరత్తమ్మా," అన్నాను.

వినలేదు. కొడవలి అందుకుని ఉరికింది. "బంగారం ఎంతుందమ్మా?" అంటూ మైకులు ముఖాన పెడుతుంటే, తోసుకుంటూ పోయి పలుపు కోసింది.

తెల్లారి విలేకరి ఎప్పట్లాగే పాలగిన్నెతో వచ్చాడు. అత్తమ్మ పాలు పోస్తూ అడిగింది.

"దూడ కొట్టుకుంటుంటె నీ చేతిల ఏముండె కొడుకా?"

"కెమెరా, పెద్దమ్మా."

"పక్కన పెట్టేటందుకు జాగ లేకపాయెనా?"

ఇప్పుడు నా ఫోన్లోనూ కెమెరా ఉంది. ఎక్కడ జనం గుమిగూడినా, ముందు ఆ జాగ కోసమే చూస్తాను.