బస్టాండులో మిగిలిన పదకొండు కవర్లు

తడిసి ఆరిన కాగితం వాసన ఎక్కడ తగిలినా నాకు కృష్ణా కరకట్ట మీది ఆ మధ్యాహ్నం గుర్తొస్తుంది. రేవు దగ్గర, మా పత్రిక జిల్లా డెస్కు ఇన్‌ఛార్జి సుభద్ర గారు పదకొండు కవర్లు రెండు చేతులా పట్టుకుని, ఏటి నడుమ లంకలో ఉండే మా విలేకరి పున్నయ్య గారి ముందు నిలబడ్డారు. "తప్పు మాదండీ. మీరు పంపారు, మేం తెచ్చుకోలేదు" అన్నారు. నిజానికి ఆ తప్పు నా ఒక్కడిది. నేను పక్కనే ఉన్నాను. నా పేరు ఆవిడ నోట రాలేదు.

విజయవాడ ఆఫీసులో కూర్చుని డెల్టా అంతటా ఉన్న ముప్ఫై మంది విలేకరులను నడపడం ఆవిడ పని. వాళ్లలో ఎవరికీ ఇదొక్కటే బతుకుతెరువు కాదు. కంకిపాడు ఆయనది ఎరువుల కొట్టు, ఒకావిడ బట్టలు కుడుతుంది, ఇంకొకాయన ట్యూషన్లు చెబుతాడు. పున్నయ్య గారు అరటి, పసుపు పండిస్తారు. ఎవరి చెయ్యి ఎప్పుడు ఖాళీ అవుతుందో ఆవిడకు కంఠతా వచ్చు. ఆ వేళకే ఫోన్ చేసేవారు. లంకలో సిగ్నల్ ఉండదు. పున్నయ్య గారు మూడింటికి పడవలో ఏరు దాటి, రాసిన వార్త కవర్లో పెట్టి బస్సుకిస్తారు. అందుకని ఆయనకు మూడింటికి. "పక్కనున్నవాడు తలుపు తోసుకొస్తాడయ్యా. దూరంగా ఉన్నవాడు మనం పిలిస్తేనే ఉన్నట్టు" అనేవారు. నాకదంతా చాదస్తంగా తోచేది.

కంటి ఆపరేషన్‌కని ఆవిడ సెలవు పెట్టినప్పుడు డెస్కు రెండు వారాలు ఆవిడ కింద పనిచేసే నా చేతికొచ్చింది. నాలుగో రోజు నుంచి ఫోన్లు మానేశాను. ఇకనుంచి వార్తలన్నీ వాట్సాప్‌లోనే అన్నాను. బస్టాండు నుంచి కవర్లు తేవడం ఆపించాను. గ్రూపులో చెప్తే వరసగా బొటనవేళ్లు పడ్డాయి. పదకొండు రోజులైనా లంక నుంచి వార్త రాలేదు. పున్నయ్య గారిని తీసేసి వేరొకరిని పెట్టాలని నోటు రాశాను.

సుభద్ర గారు నల్లద్దాలతో వచ్చి నోటు నా చేతే చదివించుకున్నారు.

"ఏవయ్యా, ఆయన్ని అడిగావా?"

"గ్రూపులో చెప్పానండీ. అందరూ సరేనన్నారు."

"అందరూ అంటే?"

గ్రూపు తెరిచి చూశాను. పున్నయ్య గారు లేరు. ఆయనది బటన్ల ఫోను.

"రెండు వారాలు కళ్లు మూసుకుంటే మనిషినే మాయం చేశావే! గారడీ ఎక్కడ నేర్చావు?" అని నవ్వారు. తిట్టినా బాగుండేది. "పద" అని లేచారు.

బస్టాండు పార్శిల్ కౌంటర్లో, ఒక మూల అరలో ఉన్నాయి కవర్లు. వాన జల్లుకి తడిసి ఒకదానికొకటి అతుక్కుపోయాయి. రోజుకొకటి. అక్కణ్ణుంచి నేరుగా రేవుకి వెళ్లాం.

పున్నయ్య గారు కవర్లు తిరగేసి చూసుకున్నారు. "ముసలాణ్ణయ్యానని మానిపించారేమో అనుకున్నా మేడమ్ గారూ. మీకు ఆపరేషనని తెలిసి ఫోన్ చెయ్యలా. చెప్పకుండా మానిపించరులే అని రాస్తూనే ఉన్నా."

"మానిపించాల్సొస్తే నేనే పడవెక్కి వచ్చి చెబుతాను."

"అయితే ఇకమీదట మీరు రేవులో కనపడితే పారిపోవాల్సిందే!" అని ఆయన నవ్వి, నా వైపు చూశారు. "ఈ బాబెవరండీ?"

నేను రెండడుగులు వెనక్కి వేశాను.

"రేపట్నుంచి మూడింటికి మీకు ఫోన్ చేసేది ఈయనే" అన్నారు సుభద్ర గారు.

దారిలో ఆవిడ ఆ సంగతి ఎత్తలేదు. తర్వాతా ఎత్తలేదు. తన కిందివాడి తప్పును అంత నిబ్బరంగా తన నెత్తిన వేసుకున్న మనిషిని పన్నెండేళ్ల ఈ వృత్తిలో నేను మళ్లీ చూడలేదు. ఆవిడ రిటైరయ్యాక ఆ కుర్చీ నాకు వచ్చింది. ఎవరి వేళకు వాళ్లకు ఫోన్ చేస్తున్నాను. లంక వార్తలు నేటికీ పున్నయ్య గారివే. ఆ కవర్లు ఆపించింది ఎవరో ఆయన ఇంతవరకూ అడగలేదు. నేనూ చెప్పలేదు.