రంగు ఎక్కని వేళ్లు

సద్దుల బతుకమ్మ ఎల్లుండి అనగా, పళ్లేలు దించుదామని ఈ ఉదయం అటక మీది పెట్టె తెరిస్తే అడుగున నల్లద్దాల కళ్లజోడు కనబడింది. చర్మం డాక్టరమ్మ దగ్గర లైట్ల పెట్టె ముందు కూర్చున్నప్పుడు కళ్లకు పెట్టుకోమని ఇచ్చినది. దాన్ని చూడగానే మా తోటికోడలి మీద పాత కుళ్లు మళ్లీ లేచింది.

కరోనాకు ముందు ఏడాది మా ఇద్దరికీ బొల్లి వచ్చింది. ఒంటిని కాపాడవలసిన శక్తే దారి తప్పి చర్మం రంగును తినేస్తుందనీ, అది అంటుకునే జబ్బు కాదనీ డాక్టరమ్మ ఎంత చెప్పినా మనవాళ్ల చెవికెక్కుతుందా! ఆమెకు పై పెదవి పక్కన చిన్న మచ్చ, నాకేమో రెండు చేతుల వేళ్లూ కొసల దాకా తెలుపు. బతుకమ్మను నీళ్లలో వదిలాక ఆడవాళ్లం ఒకరి అరచేతిలో ఒకరం సత్తుపిండి ప్రసాదం పెట్టుకుంటాం కదా, సూరత్ వచ్చినా మన తెలంగాణ వాళ్లం మానని మర్యాద అది. ఆ ఏడు నేను గిన్నె పట్టుకుని వెళితే ఒకావిడ ఒక్కపొద్దు అంది, ఇంకొకావిడ కొంగు చాపి తీసుకుని మూట కట్టేసింది. తోటికోడలి గిన్నె మాత్రం చూస్తుండగానే ఖాళీ అయింది. ముఖాన మచ్చ ఉన్నా చేతులు బాగున్నాయి మరి.

రంగు తిరిగి రావడానికి మచ్చలకు వెలుతురు పట్టించే వైద్యం కోసం వారానికి రెండుసార్లు డాక్టరమ్మ దగ్గరికి ఒకే ఆటోలో వెళ్లేవాళ్లం. ఆమె మచ్చ చిన్నది కనుక లేజరు, నా చేతులకు ట్యూబులైట్ల పెట్టె. అక్కడే మొదలైంది నా ఏడుపు. కొన్నాళ్లకు ఆమె పెదవి పక్కన నువ్వుగింజలంత రంగు చుక్కలు వచ్చాయి. "అక్కా, జర చూడు, నల్లగ వస్తున్నయ్. నీయి గూడ గిట్లనే అయితయ్ తియ్" అని మురిసిపోతూ చూపిస్తే, బాగుందని పైకి అన్నాను గానీ లోపల భగ్గుమంది. ముఖానికి రంగు తొందరగా వస్తుంది, వేళ్ల కొసలకు రావడం చాలా కష్టం అంది డాక్టరమ్మ. పాండేసరలో అద్దకం మిల్లులో పనిచేసే మా ఆయన దగ్గర వెళ్లబోసుకుంటే, "ఒక్క మిషన్ల ఏసినా పాలిస్టర్‌కు ఎక్కిన రంగు కాటన్‌కు ఎక్కుతదా? ఏంది నీ లొల్లి" అని తేల్చేశాడు.

ఇంతలో లాక్‌డౌన్ వచ్చి డాక్టరమ్మ తలుపులు మూతపడ్డాయి. అద్దకం వాళ్ల ఇంటిదాన్ని కదా, గుడ్డను ఎక్కువసేపు ఉంచితే రంగు ముదురుతుందన్న లెక్కన, వెలుతురేదైనా వెలుతురే అనుకుని, మిట్టమధ్యాహ్నం డాబా మీద చేతులు చాపి కూర్చున్నాను. రంగు రాలేదు, బొబ్బలొచ్చాయి. ఆమె నీడపట్టున చిక్కుళ్లు ఒలుచుకుంటూ కూర్చున్నా, వచ్చిన రంగు చెక్కు చెదరలేదు. నాకు నెత్తిన నిప్పులు పోసినట్టయింది.

ఆ ఏడు బతుకమ్మ మా సొసైటీ ఆవరణలోనే నలుగురం కలిసి ఆడుకున్నాం. అందరికీ మాస్కులే. ఎవరి సత్తుపిండి వాళ్లు డబ్బాలో తెచ్చుకుని, ఎడంగా నిలబడి, అటు తిరిగి మాస్కు దించుకుని ఎవరిది వాళ్లు తిన్నారు. తోటికోడలి బాగైన పెదవిని చూసినవాళ్లు లేరు, నా చేతిని చూసి జరిగినవాళ్లూ లేరు. లోకమంతా ఏడుస్తున్న రోజుల్లో ఇలా అనకూడదేమో గానీ, నేను అంత తృప్తిగా ఏనాడూ ఆడలేదు.

ఇప్పుడు మాస్కులు పోయాయి, లైట్ల పెట్టె దగ్గరికి వెళ్లడం నేనూ మానేశాను. గిన్నెలు మళ్లీ చేతులు మారుతున్నాయి. నా ముందు మొదట అరచెయ్యి చాపేది ఇప్పటికీ మా తోటికోడలే, ఆ మంచి పేరూ ఆమెకే దక్కుతుందని అందుకూ నాకు కుళ్లే. మన ఈడు వాళ్లంతా ఆ పాడు రోజులు మళ్లీ రావద్దని దణ్ణం పెట్టుకుంటారు, నేనూ పెడతాను. కానీ ఎవరి చేతిది ఎవరూ తినని ఆ ఒక్క ఏడాదే నేను అందరిలో ఒకదాన్ని.