బాలింతల వార్డులో ఆఖరి పరీక్ష

కోవిడ్ ఆంక్షలు పూర్తిగా ఎత్తేసిన మరుసటి ఏడాది, ఎండలు ఇంకా ముదరక ముందు, జీఎన్ఎం ఆఖరి సంవత్సరం ప్రాక్టికల్ పరీక్షలకు నన్ను ఇంటర్నల్ ఎగ్జామినర్‌గా వేశారు. అప్పుడు నేను విజయనగరంలో ఒక నర్సింగ్ స్కూల్లో సీనియర్ ట్యూటర్ని. రిటైర్మెంటు దగ్గర పడింది.

జీఎన్ఎం అంటే ఇంటర్ తర్వాత చదివే మూడేళ్ల నర్సింగ్ డిప్లొమా. ఆఖరి ఏడాదిలో ప్రసూతి సబ్జెక్టుకు రాతపరీక్షతో పాటు ప్రాక్టికల్ కూడా ఉంటుంది. బొమ్మల మీద కాదు, ఆసుపత్రి వార్డులో బాలింతల దగ్గరే చేసి చూపించాలి. ఇంటర్నల్ ఎగ్జామినర్ ఆ స్కూలు మనిషే. ఎక్స్‌టర్నల్ ఎగ్జామినర్ వేరే జిల్లా నుంచి వస్తారు. ఇద్దరూ మార్కులు వేసి, కవరుకు సీలు పెట్టి పంపేస్తారు. ఫలితాలు వచ్చేదాకా దాని గురించి నోరు విప్పకూడదు. ఇది ఎంత ఇబ్బంది పెట్టే నియమమో ఆ ఏడాదే నాకు తెలిసింది.

ఆ బ్యాచ్‌లో నూకరత్నం అనే అమ్మాయి ఉండేది. శ్రీకాకుళం వైపు సముద్రపు ఒడ్డు ఊరు. తండ్రి వేటకు వెళ్తాడు, తల్లి చేపలు అమ్ముతుంది. వార్డులో ఉన్నంతసేపూ ఆ పిల్ల గొంతు ఖంగుమని వినిపించేది. ఏ బాలింత అన్నం తినలేదో, ఎవరి బిడ్డ రాత్రంతా ఏడ్చిందో అడిగి తెలుసుకునేది. వైవా అనేసరికి మాత్రం అందరికంటే వెనక నిలబడేది. వైవా అంటే ఎగ్జామినర్ ఎదురుగా నిలబడి నోటితో జవాబు చెప్పడం.

"సదివినదంతా బుర్రలో ఉంటాది మేడమ్. ఆళ్లు ఎదురుగా కూకుంటే గొంతులోంచి రాదు," అనేది.

ఆమె భయానికి కారణం లేకపోలేదు. ప్రాక్టికల్ తప్పితే సప్లిమెంటరీ దాకా ఆగాలి. డిప్లొమా చేతికి రాకపోతే నర్సింగ్ కౌన్సిల్లో పేరు నమోదు కాదు. ఆ రిజిస్ట్రేషన్ లేనిదే ఏ ఆసుపత్రీ స్టాఫ్ నర్సుగా తీసుకోకూడదు.

పరీక్ష రోజు నూకరత్నానికి చీటీలో వచ్చిన పని, అప్పుడే పుట్టిన బిడ్డను తల నుంచి కాలి దాకా పరీక్షించి చూపడం. ఆమెకు ఇచ్చిన బాలింతది రామతీర్థం దగ్గర పల్లె. తొలి కాన్పు, తెల్లవారుజామున మామూలుగానే జరిగింది. అత్తగారు మంచం పక్కనే కూర్చుని ఉంది.

ఎక్స్‌టర్నల్ మేడమ్ నెమ్మదస్తురాలే కానీ పట్టింపు మనిషి. చేతులు కడుక్కోవడం దగ్గర్నుంచి ప్రతిదీ గమనించేవారు. నూకరత్నం బిడ్డ మాడు చూసింది, ఊపిరి లెక్కపెట్టింది. ఏం చేస్తున్నదో పైకి చెబుతూ చేయాలి. మేడమ్ రెండుసార్లు గట్టిగా చెప్పమన్నారు. పక్క మంచం దగ్గర వేరే అమ్మాయిని చూస్తున్న నాకే ఆందోళనగా అనిపించింది.

బిడ్డ బొడ్డు దగ్గరికి వచ్చేసరికి బాలింత అత్తగారితో నీరసంగా, "అత్తా, కళ్లు తిరుగుతన్నాయి," అంది.

నూకరత్నం తలెత్తి ఆమె ముఖం చూసింది. వెంటనే బిడ్డను గుడ్డలో చుట్టి అత్తగారి చేతుల్లో పెట్టింది. "మామ్మా, గట్టిగా పట్టుకో," అని, దుప్పటి తప్పించి బాలింత పొట్ట మీద చెయ్యి వేసింది. కాన్పు తర్వాత గర్భసంచి బొడ్డు కింద బంతిలా గట్టిగా తగలాలి. మెత్తగా ఉందంటే లోపల రక్తం ఆగడం లేదని అర్థం. ఈమెకు అది బొడ్డు పైకి జరిగి, మెత్తగా తగిలింది. కింద గుడ్డ తడిసిపోయి ఉంది.

"సిస్టర్! యూట్రస్ మెత్తగా ఉన్నాది, బ్లీడింగ్ అవుతన్నాది, రండి!" అని కేక వేసింది. ఆ కేక వరండా చివరి దాకా వినిపించింది. ఒక చేత్తో పొట్ట మీద గుండ్రంగా మర్దన చేస్తూనే అడిగింది:

"అమ్మా, పొద్దున్నుంచి ఒంటేలికి ఎల్లినావేటి?"

"నేదమ్మా. ఇంతమంది ఉన్నారు కదా, సిగ్గేసినాది."

మూత్రాశయం నిండి ఉంటే గర్భసంచి ముడుచుకోలేదు. ఎక్స్‌టర్నల్ మేడమ్ అప్పటికే నాడి పట్టుకుని ఉన్నారు. నేను సెలైన్ స్టాండు లాగాను. డ్యూటీ సిస్టర్ గొట్టం వేసి మూత్రం తీసింది. డాక్టరమ్మ వచ్చి ఇంజెక్షన్ చెప్పారు. కాసేపటికి గర్భసంచి గట్టిపడింది, రక్తం తగ్గింది, బాలింత మంచినీళ్లు అడిగింది. అప్పటిదాకా బిడ్డతో బిగుసుకుపోయిన అత్తగారు నూకరత్నాన్ని చూసి, "ఈ గుంట గొంతు సల్లగుండ," అని ఊపిరి పీల్చుకుంది.

అంతా సర్దుకున్నాక ఎక్స్‌టర్నల్ మేడమ్ నూకరత్నం వైపు తిరిగి, బిడ్డ పరీక్ష సగంలో ఉందని గుర్తు చేశారు. ఆమె మళ్లీ చేతులు కడుక్కుని మొదటినుంచి మొదలుపెట్టింది. వైవాలో గర్భసంచి ఎందుకు మెత్తబడుతుందో అడిగారు. ఏ భాషలో చెప్పినా ఫరవాలేదు, ఏదీ వదలకూడదన్నారు. నూకరత్నం కొంత తెలుగు, కొంత ఇంగ్లీషు కలిపి ఒక్కటి తప్ప అన్ని కారణాలూ చెప్పింది.

ఆ తర్వాత మా స్కూల్లో ఒక మార్పు వచ్చింది. ప్రాక్టికల్ మొదలయ్యే ముందు వార్డులో ప్రతి బాలింతనూ బాత్రూముకు పంపి, గర్భసంచి చూసి, ఆ తర్వాతే విద్యార్థులను లోపలికి పిలిచేవాళ్లం. మంచాల చుట్టూ తెరలు కూడా తప్పనిసరి చేశాం.

నూకరత్నం ప్రాక్టికల్ పాసయిందని నాకు ఆ రోజే తెలుసు. చెప్పడానికి లేదు. ఆమె మాత్రం పరీక్ష మధ్యలో బిడ్డను వదిలేశాను కాబట్టి ఫెయిల్ చేసేస్తారని నమ్మకంగా ఉంది. వారం వారం ఏదో వంక పెట్టుకుని స్టాఫ్ రూముకు వచ్చేది.

"పాసా ఫెయిలా సెప్పొద్దు మేడమ్. సప్లిమెంటరీకి సదవాలో వద్దో అదొక్కటి సెప్పండి."

చదివితే ఎవరికీ నష్టం లేదని మాత్రం అనేదాన్ని. ఆ మాటను ఆమె ఫెయిల్ కిందే తీసుకుని మళ్లీ పుస్తకం పట్టుకునేది. నాకు నవ్వూ వచ్చేది, జాలీ వేసేది.

ఫలితాలు వచ్చాయి. మార్కులు గొప్పవి కావు, మంచివి. రిజిస్ట్రేషన్ కూడా వచ్చాక ఉద్యోగం వేట మొదలైంది. విశాఖపట్నంలో ఒక పెద్ద ఆసుపత్రిలో ఇంటర్వ్యూకి వెళ్తే, తన గురించి ఇంగ్లీషులో చెప్పమన్నారట. ఫోన్లో వీడియో చూసి బట్టీ పట్టిన పాఠం తండ్రి పేరు దాకా వచ్చి ఆగిపోయింది. ఇంకో చోట అనుభవం లేదన్నారు. తిన్నగా నా దగ్గరికి వచ్చింది.

"ఉజ్జోగం నేకుండా అనుభవం యే కొట్లో అమ్ముతారు మేడమ్?"

ముందు ఇంగ్లీషు సంగతి చూద్దామన్నాను. వార్డులో షిఫ్టు మారేటప్పుడు, దిగిపోయే నర్సు వచ్చే నర్సుకు ఒక్కో పేషెంటునూ అప్పగిస్తుంది. దాన్ని హ్యాండింగ్ ఓవర్ అంటాం. ఏ మంచం, ఏ పేరు, ఏం కాన్పు, రక్తస్రావం ఎలా ఉంది, ఏ మందు ఇచ్చాం, ఏది మిగిలింది. ఎంత పెద్ద ఆసుపత్రిలోనైనా అవే వాక్యాలు తిరుగుతాయి. మా డెమాన్‌స్ట్రేషన్ గదిలో బొమ్మలను మంచాల మీద పడుకోబెట్టి రోజూ మధ్యాహ్నం అదే చేయించాను. నూకరత్నం వాటికి వాళ్ల ఊరి ఆడవాళ్ల పేర్లు పెట్టుకుంది. తన గురించి చెప్పమంటే ఆగిపోయే పిల్ల, పేషెంటు గురించి చెప్పమంటే ఇంగ్లీషులోనే చివరిదాకా వెళ్లగలిగింది.

మూడో ఇంటర్వ్యూ శ్రీకాకుళంలో ఒక ప్రసూతి ఆసుపత్రిలో. అక్కడ నర్సులందరికీ పెద్ద అయిన మేట్రన్ ఆమెను కూర్చోబెట్టి ప్రశ్నలు అడగలేదు. షిఫ్టు మారే వేళకు వార్డులోకి తీసుకెళ్లి, విన్నది తనకు తిరిగి అప్పగించమన్నారట. నూకరత్నం అంతా చెప్పి, ఒక బిడ్డ పాలు తాగిందో లేదో ఎవరూ చెప్పలేదని అడిగిందట.

సాయంత్రం ఫోన్ చేసింది. "తీసుకున్నారు మేడమ్! సోమారం నుంచి రమ్మన్నారు. తెల్ల బూట్లు కొనుక్కోవాల."

ఇప్పుడామె అక్కడే లేబర్ రూములో స్టాఫ్ నర్సు. పని బాగుందని, జీతం ఇంకా పెరగాలని ఫోన్ చేసినప్పుడల్లా చెబుతుంది. గవర్నమెంటు పోస్టుల నోటిఫికేషన్ కోసం చూస్తూనే ఉంది.

ఈ మొత్తంలో నేను నేర్చుకున్నది ఉద్యోగానికి పనికొచ్చేదే. అంతకుముందు ఆఖరి సంవత్సరం పిల్లలకు ఇంటర్వ్యూ క్లాసు అని ఒకటి ఉండేది. ఎలా కూర్చోవాలి, తమ గురించి తాము ఎలా చెప్పుకోవాలి అని నేర్పేవాళ్లం. ఆ గంటను టైం టేబుల్లో వార్డుకు మార్చేశాను, నేను రిటైరయ్యేదాకా అలాగే నడిచింది. ఆ గంటలో ప్రతి విద్యార్థీ ఒక్క పేషెంటును, పక్క మంచం దాకా వినపడే గొంతుతో, ఇంకొకరికి అప్పగించాలి.